ఒంటిగంట బజారు

నరసరావుపేటలో పెళ్లి కుదిరిన ఇంటివాళ్లు ఒకప్పుడు ముందుగా తొక్కేది సత్రం బజారే. పట్టుచీరలు, స్టీలు సామాను, గాజులు, పెట్టెలు, పెట్టెకు వేసే తాళం దాకా అన్నీ ఆ రెండు వరసల్లోనే దొరికేవి. మొత్తం ముప్పై ఆరు కొట్లు. ప్రతి కొట్టుకూ ముందు ఒక అరుగు, అరుగు మీదికి వాలిన రేకుల చూరు. ఎండాకాలంలో కూడా ఆ చివర నుంచి ఈ చివర దాకా తలకు ఎండ తగలకుండా నడవొచ్చు.

ఇప్పుడు ముప్పై ఆరింట్లో పదిహేనే తెరుస్తున్నారు. మిగతా షట్టర్లు తుప్పు పట్టి ఉన్నాయి. వాటి మీద కోచింగ్ సెంటర్ల కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉన్నాయి. పల్నాడు రోడ్డులో నాలుగంతస్తుల షాపింగ్ మాల్ వచ్చాక ఊళ్లోవాళ్లు సాయంత్రం చల్లగా ఉంటుందని అటే పోతున్నారు.

ఝాన్సీ కొట్టు ఎడమ వరసలో తొమ్మిదోది. మ్యాచింగ్ సెంటర్. చీర తెచ్చి చూపిస్తే దానికి తగిన జాకెట్టు గుడ్డ, లైనింగు, చీర అంచు కింద కుట్టే ఫాల్, లంగా గుడ్డ తీసి ఇస్తుంది. ఒక్క వంకాయ రంగులోనే ఆమె దగ్గర ఏడు రకాలున్నాయి. ఆ కొట్టు మామగారు పెట్టింది. ఆయన పోయాక అత్తగారు కోటేశ్వరమ్మ నడిపింది. మోకాళ్లు మొరాయించాక ఎనిమిదేళ్ల కిందట తాళాలు కోడలి చేతికిచ్చింది. ఝాన్సీకి నలభై రెండేళ్లు. మొగుడు కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. ఇద్దరి సంపాదన మీదా ఇల్లు నడుస్తుంది. కానీ ఝాన్సీకి ఆ కొట్టు సంపాదన ఒక్కటే కాదు. పదో తరగతి తప్పి, దేనికీ పనికిరాదని పుట్టింట్లో అనిపించుకున్న మనిషి. ఏ రంగుకు ఏ రంగు కలుస్తుందో నరసరావుపేట మొత్తంలో తనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదని ఆమె ఆ కొట్టులో కూర్చున్నాకే గుర్తించింది.

కొట్లన్నీ సత్రం కమిటీవి. బజారు చివర పెద్ద గేటు వెనక ఉన్న సత్రం ఏనాడో మూతపడింది గానీ కమిటీ మాత్రం బతికే ఉంది. ఫిబ్రవరిలో ఆ కమిటీ నుంచి కొట్లవాళ్లందరికీ కాగితం వచ్చింది. మాల్ వాళ్లు తమకు కార్లు నిలుపుకోవడానికి ఈ స్థలం కావాలని అడుగుతున్నారు. బజారులో వ్యాపారం లేదని, మనుషులే రావడం లేదని ఫోటోలు కూడా ఇచ్చారు. మార్చి రెండో గురువారం మధ్యాహ్నం రెండింటికి కమిటీ స్వయంగా వచ్చి చూస్తుంది. బజారు నడుస్తున్నట్టు కనిపిస్తే లీజులు పొడిగిస్తుంది. లేకపోతే ఏప్రిల్ నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. కింద సెక్రటరీ హనుమంతరావు సంతకం ఉంది. ఆయన కాలేజీలో లెక్చరర్‌గా చేసి రిటైరైన మనిషి, మాటంటే మాటే.

ఆ కాగితంలో అందరినీ వణికించింది ఖాళీ చేయమన్న మాట కాదు, రెండింటికి అన్న మాట. ఎందుకంటే ఆ బజారుకు ఒక కట్టు ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్ని కొట్లూ మూయాలి, నాలుగింటికి తెరవాలి. ఆ మధ్యలో ఎవరూ బేరం చేయకూడదు. ఒకడు మూసి ఇంకొకడు తెరిస్తే పక్కవాడి నోటి దగ్గరది లాక్కున్నట్టని తాతల కాలంలో అనుకున్న మాట. అందరూ ఇంటికి పోయి వేడన్నం తిని నడుం వాల్చాల్సిందే. బజారు మొదట్లో చెన్నకేశవులు పట్టుచీరల కొట్టు ఉంది. ఆయనే కొట్లవాళ్ల సంఘానికి అధ్యక్షుడు. ఆయన షట్టరు దడాలున కిందపడిందంటే బజారుకు ఒంటిగంట అయినట్టు. ఆయన మాత్రం ఇంటికి పోడు. లోపలే, చీరలు పరిచి చూపించే తెల్లటి పరుపు మీద పడుకుని నాలుగు దాకా లేవడు.

కమిటీని సాయంత్రం ఆరింటికి రమ్మని చెన్నకేశవులు కబురు చేశాడు. హనుమంతరావు ఒప్పుకోలేదు. నడిచే బజారుకు వేళతో పనేంటని తిరుగు కబురు పంపాడు.

ఆ వారంలోనే ఝాన్సీ షుగరు పరీక్షకు హాస్పిటళ్ల వీధికి పోయింది. పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు మళ్లీ ఒకసారి రక్తం ఇవ్వాలి. అన్నం తిని వచ్చి పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా ఒక హాస్పిటల్ మెట్ల మీద కూర్చుంది. ఆ వేళప్పుడు ఆ వీధి ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. మెట్ల మీద ఆడవాళ్లు, మందుల షాపు నీడన ఆడవాళ్లు, కొబ్బరిబొండాల బండి చుట్టూ ఆడవాళ్లు. ఎండకు కొంగు నెత్తిన కప్పుకుని, చేతిలో ఒక గుడ్డసంచో కవరో పట్టుకుని, నడిచిపోయే వాళ్లను చూస్తూ కూర్చున్నారు.

పక్కన కూర్చున్న పెద్దావిడ పేరు రాఘవమ్మ, కారెంపూడి దగ్గర పల్లె. కాళ్ల నొప్పులకు నెలకోసారి వచ్చి చూపించుకుంటుంది. డాక్టరు పన్నెండుకే చూసి పంపించాడు. కానీ వాళ్ల ఊరి బస్సు నాలుగున్నరకు. ఆవిడ ఒళ్లో కవరు, కవర్లో ఉల్లిపొర రంగు చీర ఉన్నాయి. ఝాన్సీ కళ్లు ఊరుకోలేదు.

"దీనికి లైనింగు కొనలేదా పిన్నీ?"

"యాడ కొనాల? మాల్లోకి పోతే కుట్టిన జాకెట్లే ఉన్నయ్, నా చేతులు పట్టవు. సత్రం బజారని ఉండేది. మా చెల్లెలి పెళ్లికి అన్నీ ఆడనే కొన్నాం."

"మరి అక్కడికే పోకపోయావా?"

"పోయా. మూడుసార్లు పోయా. ఎప్పుడు పోయినా అన్నీ మూసే ఉంటయ్. పోయిందంటగా ఆ బజారు."

ఝాన్సీకి ముఖాన కొట్టినట్టయింది. నేను అందులోదాన్నే అని చెప్పడానికి నోరు రాలేదు. తన కొట్టు ఉండగానే, తను ఉండగానే, ఆ మనిషి లెక్కలో బజారు ఏనాడో పోయింది. వీధిలో కూర్చున్న ఆడవాళ్లను మళ్లీ ఒకసారి చూసింది. నలభై మందికి తక్కువ లేరు. ఇది ఒక్క వీధిలో. బస్టాండులో ఇంకెందరో.

ఇంటికి పోయి ఈ సంగతి అత్తగారికి చెప్పింది. కోటేశ్వరమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని వక్కలు నములుతూ విన్నది. తమ కాలంలో పల్లెటూరివాళ్లు మొదటి బస్సుకే వచ్చి, పన్నెండు బస్సుకు పోయేవాళ్లని చెప్పింది. ఆ బస్సు పోతే బజారులో కాకి కూడా ఉండేది కాదు. సాయంత్రం ఊళ్లోవాళ్లు, ఆఫీసర్ల భార్యలు వచ్చేవాళ్లు. అందుకే ఆ మధ్యలో మూసేవాళ్లు. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు. ఇంట్లో వంట చేసి, గొడ్డూగోదా చూసుకుని, పది బస్సుకు ఎక్కి, హాస్పిటలో బ్యాంకో చూసుకుని, సాయంత్రం బస్సుకు పోతున్నారు.

"అంటే మనం మనుషులున్నప్పుడు మూసి, లేనప్పుడు తెరుస్తన్నాం అత్తయ్యా," అన్నది ఝాన్సీ.

కోటేశ్వరమ్మ నమలడం ఆపింది. "ఏమే, ఆ కట్టు నువ్వు తెంచావంటే చెన్నకేశవులు నిన్ను బతకనీడు," అన్నది. వద్దని మాత్రం అనలేదు.

మర్నాడు చెన్నకేశవులు షట్టరు దడాలున పడింది. వరసగా అన్నీ పడ్డాయి. ఝాన్సీది పడలేదు. ఆ రోజు ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. ఉత్త బజారులో ఒక్కతే కూర్చుంటే, అందరూ నిద్రపోతున్న ఇంట్లో దొంగలా ఉందనిపించింది. మూడో రోజు కొట్టు అత్తగారికి అప్పగించి బస్టాండుకు పోయి, బెంచీల మీద కూర్చున్న వాళ్లతో చెప్పింది. సత్రం బజారు తెరిచే ఉంది, కొన్నా కొనకపోయినా నీడన కూర్చోండి, మంచినీళ్లున్నాయి అన్నది. ఎవరూ కదల్లేదు. కొట్టు వెనక బాత్రూమ్ కూడా ఉందని చెప్పాక ఆరుగురు లేచారు.

ఆ ఆరుగురిలో ఇద్దరు లైనింగు కొన్నారు. ఒకావిడ వెతికి వెతికి ఎక్కడా దొరకని ఆకుపచ్చ ఫాల్ ఝాన్సీ దగ్గర దొరికేసరికి, దాన్ని చేత్తో నిమిరి నవ్వింది. మిగతావాళ్లు అరుగు మీద సద్ది తిని, అక్కడే ఒక కునుకు తీసి పోయారు. బస్సుల్లో మాట పాకింది. మర్నాటికి పదిమంది. వారం తిరిగేసరికి అరుగు చాలలేదు.

ఎదురు వరసలో మాబున్నీసాది కుట్టు మిషను. చీరలకు ఫాల్ వేసి, అంచుకు పికో కొట్టి ఇస్తుంది. ఝాన్సీ కన్నా పదేళ్లు పెద్దది. ఒకరోజు ఒంటిగంటకు ఇంటికి పోబోతూ ఆగి, ఎదురు అరుగు మీద జనాన్ని చూసి, తాళంకప్ప మళ్లీ సంచిలో వేసుకుంది. ఇదివరకు ఎవరు చీర తెచ్చినా వచ్చే వారం రమ్మనేది. ఆ రోజు నుంచి చీర చేతిలోకి తీసుకోకముందే, మీ బస్సెన్నింటికమ్మా అని అడగడం మొదలుపెట్టింది. నాలుగున్నర బస్సుదానికి నాలుగింటికల్లా చీర మడత పెట్టి ఇచ్చేది. పల్లెటూరు మనిషికి రెండుసార్లు రాకుండా ఒక్కసారిలో పని జరగడం కన్నా ఏం కావాలి?

పది రోజులకు చెన్నకేశవులుకు తెలిసింది. సంఘంలో నలుగురిని వెంటబెట్టుకుని ఝాన్సీ కొట్టు ముందుకు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. కరోనా రోజుల్లో బజారులో అందరిళ్లకూ బియ్యం పంపినవాడు. కానీ కట్టు అంటే ఆయనకు ప్రాణం.

"ఏందమ్మాయ్ ఇది? మీ మామ ముప్పై ఏళ్లు ఈ బజారులో ఉండి ఒక్కనాడు గీత దాటలా."

"మామయ్యప్పుడు ఈ వేళకు బజారులో మనిషుండేవాడు కాదు బాబాయ్. మీరు ఒక్కరోజు మేలుకుని చూడండి."

"చూసేదేంది? నలుగురు ఆడాళ్లు నీళ్లు తాగను వస్తన్నారు. అదీ ఒక బేరమేనా?"

"నీళ్లకన్నా వస్తన్నారుగా. మన దగ్గరికి దేనికీ రాక చానా రోజులైంది."

వెనకున్న వాళ్లలో ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అది చెన్నకేశవులుకు మరీ మండించింది. అక్కడికక్కడే తీర్మానం చెప్పాడు. తన దగ్గర లేని సరుకు అడిగితే పక్క కొట్టుకు పంపడం ఆ బజారు మర్యాద. ఇకమీదట ఝాన్సీ కొట్టుకు ఎవరూ బేరం పంపకూడదు, ఆమె పంపినా తీసుకోకూడదు, ఆమెతో మాట్లాడకూడదు. మాబున్నీసా మిషను మీద నుంచి తల ఎత్తకుండానే అన్నది.

"వెలేసేదేదో ఇద్దరినీ కలిపి ఏసెయ్ అన్నా. దానికి తోడు నేనుంటా."

తీర్మానం బాగానే అమలైంది, పొద్దుటి పూట. మధ్యాహ్నం మాత్రం వేరే వేషం మొదలైంది. గాజుల కొట్టతను ఒంటిగంటకు షట్టరు దించాడు గానీ సగం దాకే దించాడు. మూశాడంటే తప్పు, దించలేదంటే అబద్ధం. ఆడవాళ్లు వంగి కిందనుంచి దూరి గాజులు వేయించుకుని మళ్లీ వంగి బయటికి వచ్చేవాళ్లు. రెండ్రోజులకు స్టీలు సామాను కొట్టు కూడా సగం దాకే దిగింది. తర్వాత ఇంకో రెండు. చెన్నకేశవులు నిద్రలో ఉంటాడు కనుక ఆయనకు తెలియదు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. నాలుగింటికి ఆయన షట్టరు లేచేసరికి అందరూ తామూ అప్పుడే తెరిచినట్టు షట్టర్లు పూర్తిగా పైకి లేపేవాళ్లు.

కమిటీ వచ్చే రోజుకు రెండు రోజుల ముందు సంఘం కూర్చుంది. ఝాన్సీని పిలవలేదు, ఆమే పోయి గుమ్మంలో నిలబడింది. గురువారం రెండింటికి అందరూ కొట్లు తెరిచి ఉంచండి, చాలు అన్నది. చెన్నకేశవులు ఆమె వైపు చూడకుండా గోడతో చెప్పినట్టు చెప్పాడు. హనుమంతరావు నలభై ఏళ్లుగా మన వేళలు ఎరిగినవాడు. ఆ ఒక్కరోజు తెరిస్తే నాటకమాడారని నవ్విపోతాడు. పోయేటప్పుడైనా మర్యాదగా పోదాం అన్నాడు. ఆయన ఓడిపోయాననే అనుకుంటున్నాడని ఝాన్సీకి అప్పుడు తెలిసింది. కోపం పోయింది, భయం మిగిలింది. సగం షట్టర్ల వాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు.

గురువారం వచ్చింది. ఒంటిగంటకు చెన్నకేశవులు షట్టరు పడింది. కమిటీ వస్తున్న రోజు తమ పేరు బయటపడుతుందేమోనని సగం షట్టర్ల వాళ్లు కూడా ఆ రోజు పూర్తిగా దించేశారు. తెరిచి ఉన్నవి రెండే రెండు. అరుగు మీద పదిహేను మంది దాకా ఆడవాళ్లున్నారు. పదిహేను మందితో ముప్పై ఆరు కొట్ల బజారు నిండదు. మధ్యలో రోడ్డంతా ఎండ పరుచుకుని, మాల్ వాళ్ల ఫోటోలో ఉన్నట్టే ఉంది. కోటేశ్వరమ్మ కూడా కర్ర పట్టుకుని వచ్చి కొట్టులో కూర్చుంది.

ఒంటిగంటా ఇరవైకి బజారు మొదట్లో సందడి వినిపించింది. ముందు రాఘవమ్మ నడుస్తోంది. బజారు తెరిచి ఉంటోందన్న మాట బస్సుల్లో పాకి ఆవిడ దాకా చేరింది. వెనక వాళ్ల పల్లె ఆడవాళ్లు, పిల్లలతో కలిపి ముప్పై మంది దాకా ఉంటారు. ఆవిడ మనవరాలి పెళ్లి కుదిరింది. పది రోజుల్లో ముహూర్తం. అదే ముహూర్తానికి ఊళ్లో ఇంకో రెండు పెళ్లిళ్లు. మూడిళ్లవాళ్లూ ఒకే బస్సులో వచ్చేశారు.

"మ్యాచింగు తర్వాత చూద్దాం అమ్మాయ్," అన్నది రాఘవమ్మ. "ముందు పట్టుచీరలు కావాల. యాడున్నయ్?"

పట్టుచీరలు ఉన్నది ఒక్కచోటే. ఝాన్సీ ఆ మూసిన షట్టరు వైపు చూసింది. ఈ ముప్పై మందినీ తన అరుగు మీదే కూర్చోబెట్టుకుంటే కమిటీ కంటికి తన కొట్టు బాగా కనిపిస్తుంది. లీజు తనకొక్కదానికే మిగిలినా మిగలొచ్చు. కానీ ఒక్క కొట్టు బజారవుతుందా?

బేరం పంపకూడదన్నది ఆయన మాట. ఆమె పంపలేదు. తనే వెంటబెట్టుకుని పోయింది. పోయి రెండు చేతులతో చెన్నకేశవులు షట్టరు మీద దబదబా బాదింది. లోపల అలికిడి లేదు. రాఘవమ్మ చేతిసంచి కింద పెట్టి తనూ బాదింది. పిల్లలకు అది ఆటలా ఉంది, వాళ్లూ బాదారు. ఆ మోతకు బజారు వెనక ఇళ్లలో పడుకున్న కొట్లవాళ్లు లేచి కూర్చున్నారు.

షట్టరు మోకాలెత్తు లేచింది. చెన్నకేశవులు కాళ్లు కనిపించాయి. తర్వాత పూర్తిగా లేచింది. బనియనూ లుంగీ మీద ఉన్నాడు. చెంప మీద పరుపు ముడతల అచ్చు పడి ఉంది. ఎండకు కళ్లు చికిలించి చూశాడు. పుట్టి అరవై రెండేళ్లు, ఆ వేళకు తన బజారు ఎలా ఉంటుందో ఆయన చూడటం అదే మొదలు. ఎదుట మూడు పెళ్లిళ్ల జనం. వాళ్ల వెనక అరుగుల మీద ఇంకా జనం.

"మూడిళ్ల పెళ్లిబట్టలు బాబాయ్," అన్నది ఝాన్సీ. "నాలుగున్నరకు వాళ్ల బస్సు."

ఆయన ఆమెను చూశాడు. చొక్కా వేసుకోవడం కూడా మరిచిపోయి, పక్కకు జరిగి, "రండమ్మా, లోపలికి రండి," అన్నాడు.

ఆ షట్టరు చప్పుడు విన్న కొట్లవాళ్లు నాలుగు అయిందనుకుని కొందరు, ఏదో గొడవైందని కొందరు పరుగెత్తుకొచ్చారు. ఒకడి చేతికి అన్నం మెతుకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. వచ్చినవాడు వచ్చినట్టే తన షట్టరు లేపాడు. గాజుల కొట్టు, స్టీలు కొట్టు, చెప్పుల కొట్టు, పసుపు కుంకాల కొట్టు, ఒకటి తర్వాత ఒకటి ఎడాపెడా లేచాయి. బస్టాండులో కూర్చున్న వాళ్లు పెళ్లివాళ్ల వెనకే వచ్చి చేరారు. రెండు కావడానికి పది నిమిషాల ముందే పదిహేను కొట్లూ తెరిచి ఉన్నాయి.

కమిటీ కారు బజారు మొదట్లోనే ఆగిపోయింది, లోపలికి రావడానికి దారి లేదు. హనుమంతరావు దిగాడు. మాల్ తరఫున వచ్చినతను ఫోటోల కవరు పట్టుకుని వెనకే దిగాడు. ఇద్దరూ జనంలో ఒత్తుకుంటూ నడిచారు. బనియనుతోనే పట్టుచీరలు పరుస్తున్న చెన్నకేశవుల్ని చూసి హనుమంతరావు నిలబడిపోయాడు. ఏదో అడగబోయి, ఆయనకు ఖాళీ లేదని మానుకున్నాడు. మాబున్నీసా అరుగు దగ్గర ఆగి, చీర కోసం కూర్చున్న ఒకామెను అడిగాడు. ఈ వేళప్పుడు ఇక్కడికి ఎందుకు వచ్చారమ్మా అని. వేరే వేళ మాకెక్కడుంది అన్నది ఆమె.

ఝాన్సీ కొట్టు ముందుకు వచ్చేసరికి మాల్ మనిషి ఫోటోలు బయటికి తీసి, ఇదంతా ఈ ఒక్కరోజుకు చేసిన ఏర్పాటని చెప్పబోయాడు. కోటేశ్వరమ్మ కర్ర నేలకు తాటించింది.

"ఆ మూడిళ్ల పెళ్లిళ్లు కూడా మేమే కుదిర్చామా నాయనా?"

హనుమంతరావు నవ్వాడు. కాలేజీలో ఎవరూ ఆయన నవ్వు చూసి ఉండరు. లీజులు అయిదేళ్లు పొడిగిస్తామని, మూసి ఉన్న కొట్లు ముందుకొచ్చిన వాళ్లకిస్తామని అక్కడే అరుగు మీద నిలబడి చెప్పాడు. ఇంకేమైనా కావాలా అని ఝాన్సీని అడిగాడు.

ఆమె బజారు చివర గేటు వైపు చేయి చూపించింది. సత్రం తెరిపించమన్నది. వసారాలో నీడ ఉంది, బావి ఉంది, బాత్రూములు నాలుగు కట్టిస్తే చాలు. ఊరు కాని ఊళ్లో మధ్యాహ్నం పూట నడుం వాల్చడానికి చోటు లేక ఆడవాళ్లు హాస్పిటల్ మెట్ల మీద కూర్చుంటున్నారని చెప్పింది. సత్రం కట్టింది అందుకే కదండీ అన్నది. హనుమంతరావు తాళంచెవి కోసం కారు డ్రైవరును పరుగెత్తించాడు. తాళం తుప్పు పట్టి తెరుచుకోలేదు. స్టీలు కొట్టతను సుత్తి తెచ్చి పగలగొట్టాడు. గేటు కీచుమంటూ తెరుచుకుంది. రాఘవమ్మ పల్లెవాళ్లు ఊడ్చేదాకా కూడా ఆగకుండా వసారాలో కొంగులు పరుచుకుని సద్ది మూటలు విప్పారు.

నాలుగున్నర బస్సు పోయాక బజారు కాస్త సద్దుమణిగింది. చెన్నకేశవులు ఎప్పుడు వేసుకున్నాడో, చొక్కా గుండీలు ఒకటి పైనా ఒకటి కిందా పెట్టుకుని ఝాన్సీ కొట్టు ముందుకు వచ్చాడు. కాసేపు అరుగు మీద కూర్చున్నాడు. కోటేశ్వరమ్మను మోకాళ్లెలా ఉన్నాయని అడిగాడు. తర్వాత నేల చూస్తూ అడిగాడు.

"అమ్మాయ్, రేపు మాచర్ల బస్సు ఎన్నింటికి వస్తది?"

"పదకొండింటికి బాబాయ్. పనులు చూసుకుని ఒంటిగంటకు మన దగ్గరికి వస్తారు, ఆ పరుపు మీద చీరలే పరిచి ఉంచండి."